పార పట్టిన పండిత కవి

ఐర్లండు దేశమున కెర్రీ మండలమందలి స్లీవ్ లూక్రా నిరుపేద కొండసీమ. విద్యకు మాత్రము పేద కాదు. 1748లో అచట జన్మించిన ఓవెన్ రో ఓ సలివన్ మాతృభాషయగు ఐరిష్‌తోపాటు ఆంగ్లమును, లాటిన్, గ్రీకు భాషలను నేర్చెను. రో అనగా ఎఱ్ఱజుట్టువాడు. పదునెనిమిదవ యేట బడి పెట్టెను, అది నిలువలేదు. పరపాలకుల శాసనములచే కాథలిక్కులకు భూమియు, పదవులును దూరమైన కాలమది. పండితుడు పార భుజమున వేసికొని, కోతలకును, దుంపల త్రవ్వకమునకును ఊరూర కూలికి పోయెను.

ఆ తిరుగుటలోనే అతని పాటలు జనులకు చేరినవి. వారెఱిగిన వరుసలకే వానిని కట్టెను. కలలో ఒక సుందరి కనబడి తన దురవస్థ చెప్పుకొనును, ఆమెయే ఐర్లండు. అక్షరము రాని కూలీలకు సయితము అవి కంఠస్థములయ్యెను.

పిదప ఆంగ్ల నౌకాదళమున చేరి, 1782లో వెస్టిండీసు సముద్రమున ఫ్రెంచివారితో జరిగిన యుద్ధమున పాల్గొనెను. సేనాని రాడ్నీని కీర్తించుచు ఆంగ్లమున పాట వ్రాసి విడుదల వేడెను, ఫలింపలేదు. దేశమాతను కలగన్న కవికి అంతటి అవసరము వచ్చినది!

తుదకు ఇల్లు చేరి, 1784లో మరల బడి తెఱచెను. ఆ యేడే జ్వరపడి మరణించెను, వయస్సు ముప్పదియాఱు. ఆ పాటలు పల్లె గొంతులలోను, వ్రాతప్రతులలోను నిలిచి, 1901లో ఫాదర్ డినీన్ కృషిచే గ్రంథమైనవి. బడి నిలుపుకొనలేని ఆ ఉపాధ్యాయుని పాఠమును పల్లెలు మఱువలేదు.