పసిమనసును చదివిన విదుషి – మేరీ ఐన్‌స్‌వర్త్

పసిబిడ్డకు మాటలు రావు గాని మనసు ఉంటుంది. ఆ మనసును తల్లి గ్రహించే తీరును బట్టే బిడ్డకు ఆమెపై నమ్మకం ఏర్పడుతుందని పరిశోధనతో చూపిన విదుషి మేరీ ఐన్‌స్‌వర్త్.

ఆమె 1913 డిసెంబరు 1న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో జన్మించారు. బాల్యంలోనే కుటుంబం కెనడాలోని టొరంటోకు తరలివెళ్లింది. అక్కడి విశ్వవిద్యాలయం నుండి 1939లో మనోవిజ్ఞాన శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కెనడా మహిళా సైనిక దళంలో మేజర్ హోదాకు చేరుకున్నారు. 1950లో వివాహానంతరం లండన్ వెళ్లి, తల్లీబిడ్డల ఎడబాటును పరిశోధిస్తున్న జాన్ బౌల్బీ బృందంలో చేరారు.

1954లో ఆమె ఉగాండా చేరి, కంపాలా పరిసర గ్రామాలలో 26 కుటుంబాల ఇళ్లకు వెళ్లి, దుబాసీ సాయంతో తల్లులతో సంభాషించారు. తమ బిడ్డ స్వభావాన్ని ఇష్టంగా, వివరంగా చెప్పగలిగిన తల్లుల పిల్లలు ఎక్కువగా నిశ్చింతగా ఉండటం ఆమె గమనించారు.

తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లో మరో 26 కుటుంబాలను ఎంచుకొని, బిడ్డకు ఏడాది నిండేవరకు మూడు వారాలకొకసారి నాలుగేసి గంటలు వారి ఇళ్లలో గడిపారు. ఏడాది నిండిన బిడ్డను కొత్త గదిలో ఉంచి, తల్లిని కొద్ది నిమిషాలు బయటకు పంపి, తిరిగి వచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందో పరిశీలించారు. కొందరు తల్లిని చేరి, ఊరట పొంది, మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు ముఖం తిప్పుకున్నారు. కొందరు కరచుకొని కూడా కోపం విడువలేదు. ఆకలి, నిద్ర, భయం తెలిపే సైగలను సరిగా గ్రహించి వెంటనే స్పందించిన తల్లుల పిల్లలు ఎక్కువగా మొదటి తెగలో ఉన్నారు.

ఏడ్చిన వెంటనే ఎత్తుకుంటే బిడ్డ మొండికేస్తుందన్న మాట మన ఇళ్లలోనూ వినిపిస్తుంది. 1972లో ఆమె, సహ పరిశోధకురాలు సిల్వియా బెల్ ప్రకటించిన ఫలితం ఇందుకు భిన్నం: తొలి నెలల్లో వెంటనే ఆదరణ పొందిన పిల్లలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చారు. దీనిపై వాదోపవాదాలు జరిగాయి. తల్లి స్పందనకు, బిడ్డ నమ్మకానికి గల సంబంధం తరువాతి పరిశోధనలలో ఆమె చూపినంత బలంగా కనబడకున్నా, ఉన్నదని మాత్రం తేలింది. 2001లో ఎలిజబెత్ మైన్స్ బృందం, బిడ్డ మనసులోని భావాన్ని సరిగా గుర్తించి పలికే తల్లుల పిల్లలలో ఆ నమ్మకం అధికమని చూపింది.

సంతానం లేని ఈ విదుషి 1999 మార్చి 21న వర్జీనియాలో కన్నుమూశారు. పొలం పనికి వెళ్లక తప్పని తల్లులకు ఆమె కృషి ఊరటనిస్తుంది. ఆమె ముఖ్యంగా చూసింది, చెంత ఉన్న వేళ తల్లి బిడ్డను ఎంతగా అర్థం చేసుకున్నదని.