ఉన్నవ లక్ష్మీనారాయణ

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877 డిసెంబరు 4 - 1958 సెప్టెంబరు 25) సంఘ సంస్కర్త, న్యాయవాది, స్వాతంత్ర్య సమరయోధుడు, తెలుగు నవలా రచయిత. పల్నాటి పుల్లరి ఉద్యమానికి సంబంధించి అరెస్టయి రాయవెల్లూరు జైలులో శిక్ష అనుభవిస్తూ ఆయన వ్రాసిన మాలపల్లి నవల తెలుగు సాహిత్యంలో ఒక మైలురాయి. ఈ నవలకు సంగవిజయము అని మరొక పేరు ఉంది. బ్రిటిషు ప్రభుత్వం దీనిని రెండుసార్లు నిషేధించింది. హరిజన సమస్య, వ్యవసాయ కూలీల సమస్య ఈ నవలలో ప్రధానాంశాలని విమర్శకులు అందరూ వ్రాశారు. నేర విచారణతో నిమిత్తం లేకుండా కుటుంబాలకు కుటుంబాలను నిర్బంధించే సెటిల్‌మెంట్లను గురించి ఇందులో ఉన్న భాగానికి మాత్రం రావలసినంత గుర్తింపు రాలేదు. ఆ భాగాన్ని ఈ వ్యాసంలో కొంత విస్తరంగా చెప్పడం జరిగింది.

బాల్యం, విద్య

లక్ష్మీనారాయణ గుంటూరు జిల్లా, నాటి సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడు గ్రామంలో శ్రీరాములు, శేషమ్మ దంపతులకు జన్మించాడు. ప్రాథమిక విద్య స్వగ్రామంలో సాగింది. 1897లో గుంటూరులో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణుడయ్యాడు. ఆ తరువాత రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. బాల్యంలోనే, 1892లో, లక్ష్మీబాయమ్మతో వివాహం జరిగింది. ఆయన చేపట్టిన ప్రతి కార్యంలోను ఆమె పాలుపంచుకున్నది. మాలపల్లి తొలి ప్రచురణ కూడా ఆమె పూనికతోనే వెలువడింది.

గుంటూరులో న్యాయవాదిగా ఉంటూ ఆయన కందుకూరి వీరేశలింగం పంతులు మార్గంలో సంస్కరణ కార్యాలకు దిగాడు. 1902లో అక్కడ వితంతు శరణాలయాన్ని స్థాపించి, వితంతు వివాహాలు జరిపించాడు. శిష్ట బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి ఆ పని చేయడానికి ఆ రోజుల్లో ఎంత సాహసం కావాలో నేటి విద్యార్థులు ఊహించడం కష్టం. వెలి అనేది అప్పుడు మాటవరుసకు అనే మాట కాదు.

1913లో బారిష్టరు చదువుకై ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరానికి వెళ్ళాడు. అది ఆ నగరానికి అల్లకల్లోల కాలం. 1913లోనే అక్కడ యజమానులకూ కార్మిక సంఘానికీ మధ్య పెద్ద పోరాటం నడిచింది. 1916 ఏప్రిల్‌లో ఐరిష్ జాతీయవాదులు బ్రిటిషు పాలనపై తిరుగుబాటు చేశారు. బారిష్టరు పట్టాతో స్వదేశానికి తిరిగి వచ్చిన మనిషికి కూలి సంఘమంటే ఏమిటో, స్వరాజ్య పోరాటమంటే ఏమిటో పుస్తకాలలో మాత్రమే తెలిసినవి కావు.

పల్నాడులో అరెస్టు

1921 నాటికి గుంటూరు జిల్లా సహాయ నిరాకరణ ఉద్యమానికి కేంద్రంగా మారింది. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ప్రజలు ఇళ్ళు విడిచి వెళ్ళారు. పెదనందిపాడు ఫిర్కాలో శిస్తు నిరాకరణ సాగింది. పల్నాడు తాలూకాలో తగవు అడవి గురించి వచ్చింది. మాచర్ల, దుర్గి, రెంటచింతల ప్రాంతాల రైతులకు పశువులే ఆధారం. తాతల నాటి నుండి మేపుకుంటున్న అడవులు రిజర్వు ఫారెస్టులు కావడంతో తలకు ఇంత అని పుల్లరి చెల్లించవలసి వచ్చింది. పుల్లరి కట్టినా వేధింపులు తప్పలేదు. పశువులను బందెలదొడ్డికి తోలడం, ఊరికి వచ్చిన అడవి ఉద్యోగులకు ఉచితంగా వంట సరుకులు, వెట్టి చాకిరీ సమకూర్చడం ఆనవాయితీ అయినది. చివరకు గ్రామస్థులు ఉద్యోగులను సాంఘికంగా బహిష్కరించారు. మంగలి, చాకలి వారికి పని చేయలేదు. అంగడిలో వారికి సరుకు పుట్టలేదు.

అక్కడి పరిస్థితులను విచారించడానికి కాంగ్రెసు తరపున ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచారి పల్నాడు వెళ్ళారు. అధికారులు వారిని నిర్బంధించి సత్ప్రవర్తనకు జామీను ఇమ్మని కోరారు. ఇరువురూ నిరాకరించడంతో ఏడాది జైలు శిక్ష పడింది. ఆయన జైలులో ఉండగానే, 1922 ఫిబ్రవరిలో, మించాలపాడు వద్ద పుల్లరి ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులలో మరణించాడు. అదే నెలలో చౌరీచౌరా సంఘటన అనంతరం గాంధీజీ సహాయ నిరాకరణను నిలిపివేశాడు. పల్నాటి ఉద్యమం అంతటితో చల్లారింది.

మాలపల్లి

రాయవెల్లూరు జైలులోనే మాలపల్లి రూపు దిద్దుకున్నది. మంగళాపురం అనే గ్రామంలో మాలదాసరి రామదాసు, ఆయన భార్య మహాలక్ష్మి, కుమారులు వెంకటదాసు, సంగదాసు, కుమార్తె జ్యోతి ఉంటారు. రామదాసు వేదాంతి, సాత్వికుడు. సంగదాసు భూస్వామి చౌదరయ్య వద్ద పనిచేస్తూనే కూలీలను సంఘటితం చేస్తాడు. చౌదరయ్య కొడుకు రామానాయుడు అతనికి ఆప్తమిత్రుడు. కూలి ధాన్యంగా ఇవ్వాలా, డబ్బుగా ఇవ్వాలా అన్నది అక్కడి తగవు. ధరలు పెరిగే కాలంలో ధాన్యం కూలి మానివేయడం అంటే కూలివాడి కడుపు కొట్టడమే. ఆ తగవులో చౌదరయ్య చేతిలో సంగదాసు ప్రాణాలు కోల్పోతాడు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడు అనే మారుపేరుతో కలవారిని దోచి లేనివారికి పంచే దళానికి నాయకుడవుతాడు.

కథ ఇంతటితో ఆగితే ఇది ఒక వీరగాథ అయ్యేది. ఉన్నవ దానిని అక్కడ ఆపలేదు. వెంకటదాసు చేసిన పనుల ఫలితం ఇంటిల్లిపాది మీద పడుతుంది. రామదాసు కుటుంబం భూమిని పోగొట్టుకుంటుంది, పోలీసుల అనుమానానికి గురవుతుంది, చివరకు నేరస్థుల సెటిల్‌మెంటుకు చేరుతుంది. జీవితంలో ఒక పూచికపుల్ల కూడా పరులది ముట్టని రామదాసు అక్కడ నేరస్థుడుగా లెక్కకు వస్తాడు. అక్కడి ఉద్యోగి ఒకడి దౌర్జన్యం నుండి మానం కాపాడుకునే ప్రయత్నంలో జ్యోతి నీటిపాలవుతుంది. ఆమెను ప్రేమించిన అప్పాదాసు కూడా ఆమెతోనే పోతాడు. వెంకటదాసు జైలులో మరణిస్తాడు. నవల చివర స్వరాజ్యం వచ్చి, ఖైదీలు విడుదలై, సంగదాసు పేరిట పీఠం వెలుస్తుంది. ఆ సమయానికి రామదాసు ఇంట పిలిస్తే పలికేవారు లేరు. నవలకు సంగవిజయము అనే రెండవ పేరు ఉన్నప్పటికీ, చదివినవారి మనసులో నిలిచేది ఆ శూన్యమే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సెటిల్‌మెంట్లు: నవలకు వెనుక ఉన్న వాస్తవం

ఈ భాగం కల్పన అనుకోరాదు. 1871లో ఉత్తర భారతంలో వచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. ఏదైనా ఒక కులాన్ని లేదా ముఠాను నేరస్థ జాతిగా ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ ప్రకటనను ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించే వీలు లేదు. ఆ జాతివారు పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచిన వేళకు హాజరు చెప్పాలి. సెటిల్‌మెంటులో ఉంచినవారు అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. తల్లిదండ్రుల నుండి పిల్లలను వేరుచేసి పాఠశాలలలో ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. దొంగతనం చేసినందుకు కాక, ఫలానా ఇంట పుట్టినందుకు పడే శిక్ష ఇది. జైలు శిక్షకు గడువు ఉంటుంది. దీనికి గడువు లేదు. ఏడాది శిక్షకు లోపలికి వెళ్ళిన బారిష్టరు ఈ భేదాన్ని గుర్తించకుండా ఉండడు.

గుంటూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున సీతానగరంలోను, బాపట్ల సమీపాన స్టూవర్టుపురంలోను సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో 1913 ప్రాంతంలో ఇటువంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి. స్టూవర్టుపురానికి మద్రాసు ప్రభుత్వంలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. సీతానగరంలో ఉన్నవారు రాతి గనులలో పనిచేశారు. స్టూవర్టుపురం వారిలో ఎందరో చీరాలలోని పొగాకు కంపెనీకి కూలీలయ్యారు. నెల్లూరు జిల్లాలో బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలో అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపిన సెటిల్‌మెంటు మరొకటి.

వీటిలో ఉన్నవారిలో అధికులు ఎరుకలవారు. పూర్వం వీరు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుండి ఉప్పును లోపలి గ్రామాలకు, అక్కడి నుండి ధాన్యాన్ని తీరానికి చేరవేసి జీవించేవారు. రైళ్ళు రావడంతోను, ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధికారం బిగియడంతోను ఆ వృత్తి పోయింది. వృత్తి పోయిన సంచారులు పోలీసుల దృష్టిలో నేరస్థులయ్యారు. ఉన్నవ తన నవలలో ఎరుకల కుటుంబాన్ని కాక మాల కుటుంబాన్ని అక్కడికి పంపాడన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. దీనివలన ఎరుకలవారి చరిత్ర మరుగున పడిందనే లోపం ఉన్నది. అయితే ఒకసారి కుటుంబానికి శిక్ష వేసే పద్ధతి వచ్చాక ఎవరైనా దాని వాత పడవచ్చునన్న సంగతి పాఠకునికి బోధపడుతుంది.

ఇటువంటి నిర్బంధం మన దేశానికే పరిమితం కాదు. 1942లో యుద్ధ సమయంలో అమెరికా ప్రభుత్వం జపాను సంతతికి చెందిన సుమారు 1,20,000 మందిని పిల్లాపాపలతో సహా శిబిరాలకు తరలించింది. వారిలో మూడింట రెండు వంతులు అమెరికా పౌరులే. జాన్ ఒకాడా 1957లో వెలువరించిన నవల ఆ నిర్బంధం విడుదల తరువాత కూడా మనుషులను ఎలా వెన్నాడిందో చెబుతుంది. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్లు చెల్లించింది.

నిషేధాలు

మాలపల్లి 1922లో లక్ష్మీబాయమ్మ పూనికతో అచ్చయింది. బోల్షివిక్ భావాలను ప్రచారం చేస్తున్నదన్న కారణంతో మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. శాసనమండలిలో చర్చ జరిగిన పిదప 1928లో ఆ నిషేధం తొలగింది. 1935లో పునర్ముద్రణ పొంది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠ్యగ్రంథం కూడా అయింది. 1936లో మళ్ళీ నిషేధించడంతో విద్యార్థుల చేతి నుండి పుస్తకం పోయింది. 1937లో రాజాజీ ముఖ్యమంత్రిగా కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన తరువాత గాని దానికి పూర్తి విముక్తి కలుగలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఈ నవలకు పీఠిక వ్రాశాడు. గుంటూరు ప్రాంతపు వాడుక భాష, ముఖ్యంగా కూలి జనం పలుకుబడి, ఈ నవలకు ప్రాణం. మధ్యమధ్య వచ్చే సుదీర్ఘ వేదాంత చర్చలు నేటి పాఠకునికి విసుగు కలిగించవచ్చు. విద్యార్థులు వాటిని దాటవేసైనా మొత్తం నవల చదవడం మంచిది.

1938లో వచ్చిన మాలపిల్ల చలనచిత్రాన్ని పేరు పోలిక వలన ఈ నవలకు చిత్రరూపమని కొందరు పొరబడతారు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఆ చిత్రానికి కథ గుడిపాటి వెంకటచలం వ్రాసినది.

ఇతర కృషి

పల్నాటి చరిత్ర ఆధారంగా ఉన్నవ నాయకురాలు అనే నాటకం వ్రాశాడు. గురజాల పక్షాన నిలిచిన మంత్రిణి నాగమ్మ ఇందులో ప్రధాన పాత్ర. పల్నాటి గాథలో బ్రహ్మనాయుడు మాలవాడైన కన్నమదాసును సేనానిగా చేసుకున్నాడు. చాపకూటిలో అన్ని కులాల వారిని ఒక్క పంక్తిన కూర్చోబెట్టాడు. మాలపల్లిలోని దాసరి కుటుంబానికి మూలాలు ఈ పల్నాటి వైష్ణవంలో వెదకవచ్చునేమో పరిశోధకులు పరిశీలించవలసి ఉంది. భావతరంగాలు, స్వరాజ్యసోది ఆయన ఇతర రచనలు.

1922లో దంపతులు గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. బాలికలకు, ముఖ్యంగా వితంతువులకు, చదువుతో పాటు చేతిపనులు నేర్పడం దీని ఆశయం. ఉప్పు సత్యాగ్రహంలోను, 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోను లక్ష్మీనారాయణ మళ్ళీ జైలుకు వెళ్ళాడు.

సెటిల్‌మెంట్ల అనంతరం

మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ జాతులను విముక్త జాతులు అన్నారు. దానికి బదులుగా అలవాటు పడిన నేరస్థుల చట్టాలు వచ్చాయి. వాటి కింద పోలీసు నిఘా చాలాకాలం కొనసాగింది. స్టూవర్టుపురం పేరు తెలుగునాట దొంగతనానికి పర్యాయపదంగా నిలిచిపోయింది. 1991లోను, 2023లోను ఆ ఊరి దొంగల కథలతో చలనచిత్రాలు వచ్చాయి. ఆ ఊరివాడినని చెప్పుకుంటే పని దొరకని స్థితి చట్టం పోయిన తరువాత పుట్టినవారికి కూడా తప్పలేదు. 1970లలో గోరా కుమారుడు లవణం, ఆయన భార్య హేమలత అక్కడ సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. హేమలత వినుకొండకు చెందిన మహాకవి గుర్రం జాషువా కుమార్తె.

మరణం

చట్టం రద్దయిన ఆరేళ్ళకు, 1958 సెప్టెంబరు 25న, ఉన్నవ లక్ష్మీనారాయణ తన 81వ ఏట మరణించాడు.