మెట్టినింటి పేరు నిలబెట్టిన ఎమ్మా

మన బందరులో వలందపాలెం అని ఓ పేట ఉంది. వలందులంటే డచ్చివారు, ఒకప్పుడు అక్కడ వర్తకం చేసినవాళ్ళు. వాళ్ళ దేశం నెదర్లాండ్స్‌ని ఏలే ఆరెంజ్-నాసౌ వంశం చరిత్ర చదివితే నాకు రాజులకంటే ఒక కోడలే ఎక్కువ గుర్తుండిపోయింది. ఆవిడ ఎమ్మా రాణి.

వాల్డెక్-పిర్మాంట్ అనే చిన్న జర్మన్ సంస్థానంలో 1858లో పుట్టింది. 1879 జనవరిలో డచ్చి రాజు మూడో విలియంతో పెళ్ళయ్యేనాటికి ఆమెకి ఇరవయ్యేళ్ళు, ఆయనకి అరవై ఒకటి! ఆయనకది రెండో పెళ్ళి. మొదటి భార్య పిల్లల్లో ఒకడు పసితనంలోనే పోయాడు. ఎదిగిన కొడుకులిద్దరూ పెళ్ళి కాకుండానే 1879లో ఒకడు, 1884లో ఒకడు కన్నుమూశారు. ఇక వంశానికి మిగిలింది ఎమ్మా కన్న ఒక్కగానొక్క కూతురు విల్హెల్మినా. అప్పటికి నాలుగేళ్ళైనా నిండని పసిది.

1890 నవంబరులో రాజు పోయాడు. పదేళ్ళ పిల్ల రాణి అయింది. ఆ పిల్ల తరఫున రాజ్యభారం ముప్పై రెండేళ్ళ తల్లి నెత్తిన పడింది. మరో కష్టం చూడండి. అంతవరకు ఆ రాజుగారి కిందే ఉన్న లక్సెంబర్గ్, ఆడపిల్లకి వారసత్వం లేదన్న పాత కుటుంబ ఒప్పందం వల్ల, దూరపు దాయాది చేతికి పోయింది.

ఎమ్మా బెంబేలుపడలేదు. పెళ్ళికి ముందే డచ్చి భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన మనిషి. కూతుర్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి జనానికి చూపించింది. ముసలి రాజు హయాంలో తగ్గిన గౌరవం మళ్ళీ వచ్చింది. అలాగని అన్నీ మంచే జరిగాయని అనను. 1894లో లంబోక్ దీవి మీద డచ్చి సేనలు చేసిన యుద్ధం కూడా ఆవిడ పాలనలోదే.

1896లో ఇంకా ఎక్కువమంది మగవాళ్ళకి ఓటిచ్చే చట్టం వచ్చింది కూడా ఆవిడ హయాంలోనే. సింహాసనం పక్కన ఇద్దరూ ఆడవాళ్ళే, ఓటు మాత్రం ఒక్క ఆడదానికీ లేదు! అది దక్కడానికి 1919 దాకా ఆగాల్సి వచ్చింది.

1898 ఆగస్టు 31న కూతురికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఆ రోజే ఎమ్మా అధికారం అప్పగించేసి తప్పుకుంది. ఎనిమిదేళ్ళు పెత్తనం చేసిన చేతులకి అది అంత తేలికా? పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇంటి తాళాలు ఇవ్వడానికే మనకి మనసొప్పదు కదా!

దేశప్రజలు కృతజ్ఞతగా మూడు లక్షల గిల్డర్లు కానుకిచ్చారు. ఆవిడ ఆ డబ్బుతో క్షయ రోగులకి ఆసుపత్రి పెట్టించింది. భర్త కొన్న ఎస్టేటునే అందుకు ఇచ్చేసింది. 1901లో అది తెరిచారు. తన అక్కని చిన్నతనంలోనే క్షయ తీసుకుపోయిన సంగతి ఆవిడ మరిచిపోలేదు కాబోలు.

1934 మార్చిలో ఎమ్మా పోయింది. విల్హెల్మినా తర్వాత జూలియానా, ఆపైన బియాట్రిక్స్. 1890 నుంచి 2013 దాకా, నూట ఇరవై మూడేళ్ళు, ఆ సింహాసనం మీద వరసగా రాణులే. ఆడపిల్ల పుట్టిందని నిట్టూర్చేవాళ్ళకి ఈ కథ ఒక్కసారి చెప్పి చూడండి.