ఏఎస్ రావు నగర్‌ బస్సెక్కేవాళ్లకు

సిద్దిపేట నుంచి చెల్లెలింటికి వెళ్లినప్పుడల్లా జూబ్లీ బస్టాండులో దిగి ఏఎస్ రావు నగర్ బస్సెక్కుతాను. మొన్న దారిలో మా అమ్మాయి, ఈ రావు ఎవరమ్మా అని అడిగింది. తెల్లమొహం వేశాను. ఇన్నేళ్లుగా టికెట్ కొంటూ ఒక్కసారీ ఆలోచించలేదే అని సిగ్గేసి, ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను.

అయ్యగారి సాంబశివరావుగారు 1914లో ఇప్పటి పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీలో, ఆపైన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చదువుకున్నారు. తర్వాత బొంబాయి టాటా పరిశోధన సంస్థలో చేరి హోమీ భాభా దగ్గర పనిచేశారు.

అప్పట్లో కంప్యూటరంటే గదినిండా ఉండే యంత్రం. మన దేశానికి మొదటిది 1955లో కలకత్తాకు ఇంగ్లండు నుంచి వచ్చింది. పాడైతే విడిభాగాలకూ పరాయివాళ్లనే బతిమాలుకోవాలి కదా! యంత్రమే కాదు, అందులోని ప్రతి భాగమూ ఇక్కడే తయారవ్వాలన్నది రావుగారి పట్టుదల. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పెట్టింది అందుకే. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరు వచ్చింది. ట్రాంబే అణుకేంద్రంలో రూపుదిద్దుకున్న ఆ యంత్రాన్ని ఈసీఐఎల్ తయారుచేసి అమ్మింది.

ఆ తరం యంత్రాలకు మౌసుల్లేవు. టెలిప్రింటర్ మీద టైపు చేసేవారు. లెక్కలన్నీ బెజ్జాలు పొడిచిన కాగితపు రీళ్లలో దాచేవారు. ఒక్క బెజ్జం తప్పు పడితే లెక్కంతా తప్పే. ఇక మెమరీ సంగతి చదువుతుంటే మా అత్తమ్మ కళ్ల ముందు మెదిలింది. ఆవగింజంత అయస్కాంతపు ఉంగరాలు, వాటిలోంచి అడ్డంగా, నిలువుగా దూర్చిన సన్నటి రాగి తీగెలు. అచ్చం పడుగూ పేకా! ఒక ఉంగరానికి ఒక బిట్. 12 బిట్ల మాటలు 4,096 దాచాలంటే 49,152 ఉంగరాలు గుచ్చాలి. చాలా దేశాల్లో ఆ పని ఆడవాళ్ల చేతులే చేశాయట. గొల్లభామ చీర నేస్తూ పోగులు లెక్కపెట్టుకునే అత్తమ్మ అయితే ఇదేం పెద్ద పని అనేది.

నిజం చెప్పాలంటే, మన కంప్యూటర్లు విదేశీ యంత్రాలకంటే వెనకబడ్డాయన్న విమర్శలూ వచ్చాయి. అయినా చేయడం నేర్చుకున్నాం, అది తక్కువా? మా ఇంటికొచ్చిన మొదటి టీవీ కూడా ఈసీ టీవీయే.

1972లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. 2003లో కన్నుమూశారు.

మళ్లీ వెళ్లినప్పుడు చెల్లెల్ని అడిగాను. పదేళ్లుగా ఆ కాలనీలోనే ఉంటున్న తనకూ తెలియదు. టీ చల్లారిపోయేదాకా కూర్చోబెట్టి చెప్పాను.