వడ్రంగి కుమారుడు సర్ జాన్ లెస్లీ

మహాపురుషులన్నంతనే మనము రాజులను, సేనానాయకులను, దేశభక్తులను తలంచుకొందుము. కాని ఒక గిన్నెడు వేడినీటిని ముందు పెట్టుకొని, అది ఎంతసేపటికి చల్లారునో ఓపికతో కనిపెట్టి, దానిచేతనే శాశ్వతకీర్తి నార్జించినవారును లోకమున కలరు. అట్టివారిలో స్కాట్లండు దేశీయుడగు సర్ జాన్ లెస్లీ యొకరు. ఆయన గతించి దాదాపు రెండువందల సంవత్సరములైనను, నేటి కంప్యూటరు పెట్టెలలో ఆయన యడిగిన ప్రశ్న యొకటి నిలిచియే యున్నది. వేడిగా నున్న వస్తువునకు పైపూత మార్చినంతనే అది త్వరగా చల్లారునా? ఇదియే ఆ ప్రశ్న.

1766వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, ఫైఫ్ మండలమున సముద్రతీరమందలి లార్గో గ్రామములో లెస్లీ జన్మించెను. తండ్రి వడ్రంగి. కొయ్యసామానులు చేసి కుటుంబమును పోషించువాడు. రాళ్లు మోసి, గోడలు లేపి బొంబాయి నగరమును నిలబెట్టిన కామాటీల పేరుమీదనే మన కామాటిపుర వెలసినది. చేతిపనివాని యింటి బిడ్డ పెద్దచదువు చదువుట యెంత కష్టమో గ్రాంట్ రోడ్డు చుట్టుప్రక్కల చాళ్లలోని తల్లిదండ్రులకు మేము వేరుగ చెప్ప నక్కరలేదు.

బాలునికి లెక్కలపై గల తెలివి పెద్దల దృష్టిలో పడెను. పదుమూడవయేట, అనగా 1779లో, ఆయన సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున చేరెను. ఆ విద్యాలయమునకు అధిపతిగా నున్న కిన్నల్ ప్రభువు చదువునకగు వ్యయమును భరించుటకు ముందుకు వచ్చెను. కాని యొక నిబంధన పెట్టెను: పిల్లవాడు క్రైస్తవ మతాచార్యుడు కావలెను. పేదయింటికి వచ్చిన సాయమును కాదనుట యెట్లు? 1785లో లెస్లీ మతవిద్యకై ఎడింబరో నగరమునకు పోయెను. అయినను మనస్సు గణితముపైనను, ప్రకృతిశాస్త్రముపైనను నిలిచినదే గాని మతాచార్యపదవిపై నిలువలేదు. కొంతకాలమునకు ఆ మార్గమును విడిచెను.

విడిచినపిదప జీవనోపాధి వెదకుకొనవలసివచ్చెను. అమెరికాలోని వర్జీనియాకు పోయి ఒక సంపన్నుల యింట పిల్లలకు చదువు చెప్పెను. తిరిగివచ్చి, పింగాణీ పాత్రలకు పేరుపొందిన వెడ్జ్‌వుడ్ కుటుంబమువారియింట బోధకుడుగా నుండెను. బుఫాన్ అను ఫ్రెంచి పండితుని పక్షిశాస్త్రమును ఇంగ్లీషులోనికి తొమ్మిది సంపుటములుగా అనువదించెను. అది 1793లో వెలువడెను. శిష్యుడైన టామ్ వెడ్జ్‌వుడ్ గురువునందలి గౌరవముచే ఏటేట 150 పౌనుల భృతి నేర్పరచెను. విశ్వవిద్యాలయములలో ఆచార్యపదవికై చేసిన ప్రయత్నములు మాత్రము ఫలింపలేదు. పదవి లేకున్నను పని ఆగలేదు. లార్గోలోని తన యింటనే పరికరములను కూర్చుకొని వేడిమిని గూర్చి పరిశోధనలు సాగించెను.

ఆ పరికరములలో ముఖ్యమైనవి రెండు. మొదటిది భేదోష్ణమాపకము. రెండు గాజుబుడ్లను వంపుగొట్టముతో కలిపి, గొట్టములో ఎఱ్ఱరంగు కలిపిన గంధకికామ్లమును పోసెను. బుడ్లలో గాలి మాత్రమే యుండును. ఒక బుడ్డికి వేడి సోకినచో దానిలోని గాలి వ్యాకోచించి ద్రవమును రెండవవైపునకు నెట్టును. గదిలోని వేడి రెండు బుడ్లకును సమానముగ తగులును గనుక ద్రవము కదలదు. ఒక బుడ్డికి మాత్రమే చేరిన వేడి యెంత స్వల్పమైనను వెంటనే బయటపడును.

రెండవది, తగరపు పూతగల రేకుతో చేసిన ఘనాకారపు డబ్బా. నేటికిని భౌతికశాస్త్ర ప్రయోగశాలలలో దానిని లెస్లీ ఘనమనియే పిలుతురు. ఒక ప్రక్కకు దీపపు మసి పూసెను. ఒక ప్రక్కకు కాగిత మంటించెను. వేరొక ప్రక్కకు గాజుపలక నమర్చెను. మిగిలిన ప్రక్కను మెరుగుపెట్టి విడిచెను. డబ్బాలో వేడినీరు పోసి, ఒక్కొక్క ప్రక్కను పుటాకార దర్పణమువైపు త్రిప్పి, దర్పణపు నాభియందు ఉష్ణమాపకపు బుడ్డిని నిలిపెను.

లోపలి నీరు ఒక్కటే, దాని వేడియు ఒక్కటే. అయినను నాలుగు ప్రక్కలును నాలుగు తీరుల మాటాడినవి. మసిపూసిన ప్రక్కనుండి వచ్చిన వేడిని 100 భాగములనుకొన్నచో, కాగితమునుండి 98, గాజునుండి 90, మెరుగుపెట్టిన తగరమునుండి కేవలము 12 భాగములు వచ్చినవి. తళతళలాడు లోహము వేడిని తనలోనే దాచుకొనుచున్నదనియు, మసి దానిని వెదజల్లుచున్నదనియు ఇట్లు అంకెలతో తేలెను.

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. మసి నల్లనిది, కాగితము తెల్లనిది. అయినను రెండును దాదాపు సమానముగనే వేడిని వెదజల్లినవి. కావున కంటికి కనబడు రంగునుబట్టి ఈ గుణమును నిర్ణయింపరాదు. వేడినీటి డబ్బానుండి వెలువడు కిరణములు కంటికి కనబడునవి కావు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతియందు కనుగొన్న పరారుణకిరణముల జాతికి చెందినవి. వెలుగునకు తెల్లగా నుండు వస్తువు ఆ కిరణములకు నల్లనిదానితో సమానము కావచ్చును.

లెస్లీ అంతటితో తృప్తిపడలేదు. 4 అంగుళముల వ్యాసముగల మెరుగుతగరపు గోళమును వేడినీటితో నింపి, నిశ్చలమైన గాలిగల గదిలో నుంచెను. నీటివేడికిని గదివేడికిని గల అంతరము సగమగుటకు 156 నిమిషములు పట్టెను. అదే గోళమునకు మసి పూసి చూడగా 81 నిమిషములలోనే సగమయ్యెను. పలుచని పూత యొకటి కాలమును దాదాపు సగమునకు తగ్గించెను.

తరువాత ఆ గోళమును గాలిలో పెట్టి చూచెను. మెల్లని గాలిలో మెరుగుగోళమునకు 44 నిమిషములు, మసిగోళమునకు 35 నిమిషములు పట్టెను. ప్రచండమైన గాలిలో మొదటిదానికి 9½ నిమిషములు, రెండవదానికి 9 నిమిషములు. గాలి పెరిగినకొలది పూతవలని లాభము కరగిపోయి, కడకు అర నిమిషమునకు దిగెను! కారణము సులభమే. వేడి రెండు దారుల వెలుపలికి పోవును. ఒకటి కిరణముల దారి, రెండవది గాలి మోసికొనిపోవు దారి. పూత మొదటి దారిని మాత్రమే వెడల్పు చేయగలదు. గాలి విసరుగా వీచినపుడు రెండవ దారినే వేడి యంతయు పరుగెత్తిపోవును గనుక మొదటిదానితో పని తక్కువ.

నేటి కంప్యూటరు పెట్టెను తెరచినచో లోపల అల్యూమినియపు రెక్కలుగల దిమ్మ యొకటి కనబడును. దానిని హీట్ సింక్ అందురు. గణనచేయు చిప్పునందు పుట్టిన వేడిని గ్రహించి గాలికి ఇచ్చుటయే దాని పని. పూత లేని మెరుగు అల్యూమినియము, ఉత్తమమైన నల్లని వస్తువు వెదజల్లు కిరణములలో పదవవంతునకు మించి వెదజల్లదు. ఆనొడైజింగు చేసినది సుమారు ఎనిమిది పదవవంతులు వెదజల్లును. పంకా లేక, ఊరక నిలిచి చల్లారవలసిన పరికరములకు ఇది మేలు చేయును. పంకా గిఱ్ఱున తిరుగు దిమ్మకు పూతవలని భేదము మిక్కిలి స్వల్పము. మరియు దగ్గరదగ్గరగా నున్న రెక్కలు ఒకదానినొకటి చూచుకొనుచుండుటచే, ఒక రెక్క విడిచిన కిరణములు ప్రక్క రెక్కపైననే పడును. వెలుపలికి పోవునవి అంచులనుండియు, బయటి రెక్కలనుండియు మాత్రమే. రంగును దట్టముగ పూసినచో అది కంబళివలె వేడిని ఆపును. చిప్పునకు ఆనుకొను ముఖమునకు రంగు అసలే పనికిరాదు. తగరపు గోళముతో లెస్లీ తెలిసికొన్నదే నేటి యంత్రములకును సరిపోవుచున్నది.

ఈ ఫలితములను లెస్లీ 1804లో గ్రంథముగ ప్రకటించెను. లండనులోని రాయల్ సొసైటీవారు రంఫర్డ్ పతకము నిచ్చి సత్కరించిరి. ఆ పతకమును స్థాపించిన రంఫర్డ్ ప్రభువు కూడ ఆ కాలముననే ఇట్టి పరిశోధనలు చేయుచుండెను.

కాని ఆ గ్రంథమే ఆయనకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టెను. 1805లో ఎడింబరో విశ్వవిద్యాలయమున గణితాచార్యపదవి ఖాళీయయ్యెను. నగరసభవారు లెస్లీని ఎన్నుకొనిరి. ఆ పదవి తమవానికి దక్కవలెనని కోరిన కొందరు మతాచార్యులు లెస్లీ గ్రంథమును తిరుగవేసి, చివరనున్న యొక చిన్న వ్యాఖ్యను పట్టుకొనిరి. కారణమునకును కార్యమునకును గల సంబంధమును గూర్చి డేవిడ్ హ్యూమ్ అను తత్త్వవేత్త చెప్పినదానిని లెస్లీ అందు మెచ్చుకొనియుండెను. ఇట్టివాడు దైవవిశ్వాసమునకు శత్రువని వారు అభియోగము తెచ్చిరి. తాను వ్రాసినది భౌతికవిషయములకే గాని మతమునకు సంబంధించినది కాదని లెస్లీ బదులు చెప్పెను. వివాదము స్కాట్లండు మతసంఘపు మహాసభవరకు ప్రాకెను. రెండుదినములు వాదములు జరిగిన పిదప 96 మంది ఆయన పక్షమునను, 84 మంది ప్రతిపక్షమునను నిలిచిరి. పండ్రెండు ఓట్ల తేడాతో వడ్రంగి కుమారుడు ఆచార్యపీఠమును దక్కించుకొనెను. పండితుని అర్హతను అతని పనినిబట్టి నిర్ణయింపవలెనా, అతని నమ్మకములనుబట్టియా అను ప్రశ్న నాటి సభలో తేలెను.

1810లో లెస్లీ మరొక వింతను చూపెను. గాలి తీసివేసిన పాత్రలో నీటిని, దాని ప్రక్కన గంధకికామ్లమును ఉంచెను. నీటినుండి లేచిన ఆవిరిని ఆమ్లము పీల్చుకొనుచుండగా, మిగిలిన నీరు వేడిని కోల్పోయి గడ్డకట్టెను. 1819లో ఆయన అదే విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడయ్యెను. 1832లో సర్ బిరుదు నందెను. ఆ సంవత్సరముననే నవంబరు 3వ తేదీన, పుట్టినయూరికి సమీపమున కోట్స్ అను తన స్వంతచోట పరమపదించెను.

గుణములతోపాటు లోపములను చెప్పకున్నచో చరిత్ర పొగడ్త యగును. వేడికిరణములు గాలియందలి కదలికలని లెస్లీ నమ్మెను. అది తప్పని తరువాతివారు తేల్చిరి. గాలి లేనిచోటను అవి ప్రసరించును. లేకున్న సూర్యుని వేడి మనకు చేరదు. భాస్కరాచార్యుని లీలావతిని కూడ ఆయన తన గణితగ్రంథమున చులకన చేసి వ్రాసెను. వేడినీటిని గంటలకొలది కనిపెట్టిన ఆ యోపిక పరభాషలోని గ్రంథమును తూచునప్పుడు కనబడలేదు. ఊహలు తొలగినవి, తీర్పులు మరుగుపడినవి. 156 అను అంకెయు, 81 అను అంకెయు మాత్రము చెక్కుచెదరలేదు.

విద్యార్థులారా! మన యిండ్లలోని ఖాళీ డబ్బాలు లెస్లీ పరికరములకు తీసిపోవు. ఒకే కొలతగల మూతడబ్బాలు రెండు తీసికొనుడు. ఒకదానిని తోమి మెరుగుపెట్టుడు, రెండవదానికి మసి పూయుడు. పెద్దలు దగ్గరనుండగా రెంటను సమానముగ వేడినీరు పోసి, మూతలు బిగించి, పంకా ఆపి, వేడి తగ్గుతీరును గడియారము చూచి వ్రాసికొనుడు. పిదప పంకా క్రింద మరల చేయుడు. వచ్చిన అంకెలను మన తెలుగులోనే పట్టికగ వ్రాసి పాఠశాలకు తెండు.