బెల్ మాస్టారు

మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, వాళ్ల బాబుకి పుట్టుకతోనే వినపడదని పోయిన సంవత్సరం తెలిసింది. బెరా టెస్ట్ రిపోర్ట్ నాకు వాట్సాప్‌లో పంపి, ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా, ఈ నంబర్లేంటో చెప్పరా అని అడిగింది. ప్రతి నంబర్ పక్కనా డెసిబెల్ అని ఉంది. అందులో ఉన్న 'బెల్' అలెగ్జాండర్ గ్రాహం బెల్. ఆయన పోయాక ఆయన పేరే ఆ యూనిట్‌కి పెట్టారు. మనకి ఆయన ఫోన్ కనిపెట్టిన మనిషిగా తెలుసు. కానీ ఆయన వృత్తి వేరు. ఆయన చెవిటి పిల్లలకి పాఠాలు చెప్పే మాస్టారు.

బెల్ 1847లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. తల్లి ఎలైజాకి చెవుడు, అయినా పియానో వాయించేది. మిగతావాళ్లు ఆమె చెవి గొట్టంలో అరిచేవాళ్లు. ఈ పిల్లాడు మాత్రం ఆమె నుదుటి దగ్గర నోరు పెట్టి లోగొంతుతో మాట్లాడేవాడు. ఇంటికొచ్చినవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వేళ్లతో అక్షరాలు చూపించి ఆమెకి చెప్పేవాడు. అంటే ఆ ఇంట్లో గొంతూ ఉంది, చేతులూ ఉన్నాయి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

తండ్రి ఉచ్చారణ నేర్పే ఆయన. ఒక శబ్దం పలికేటప్పుడు నాలుక, పెదవులు, గొంతు ఎక్కడ ఎలా ఉంటాయో చూపించే గుర్తులు తయారుచేసి, వాటికి విజిబుల్ స్పీచ్ అని పేరు పెట్టాడు. మన వర్ణమాలలో కంఠ్యాలు, తాలవ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అని ఉన్నాయి కదా, ఇంచుమించు ఆ ఆలోచనే, కాకపోతే బొమ్మల్లో. ఆ గుర్తులతోనే బెల్ చెవిటి పిల్లలకి మాట నేర్పడం మొదలుపెట్టాడు.

ఇంతలో అన్నదమ్ములిద్దరూ క్షయతో పోయారు, ఒకరు 1867లో, ఇంకొకరు 1870లో. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు అతన్ని తీసుకుని కెనడా వెళ్లిపోయారు. మరుసటి ఏడాది బెల్ అమెరికాలోని బోస్టన్‌లో చెవిటి పిల్లల స్కూల్లో పాఠాలు చెప్పడానికి చేరాడు.

1872లో అతని దగ్గరికి జార్జ్ శాండర్స్ అనే ఐదేళ్ల పిల్లాడు వచ్చాడు. పుట్టు చెవుడు. తండ్రి థామస్ శాండర్స్ తోళ్ల వ్యాపారి. మరుసటి ఏడాది బెల్ సేలం ఊళ్లో ఆ పిల్లాడి నాయనమ్మ ఇంట్లోకే మారిపోయాడు. అక్కడే తిండి, గది. బదులుగా జార్జ్‌కి చదువు. పగలు రైలెక్కి బోస్టన్ వెళ్లి పాఠాలు చెప్పొచ్చి, రాత్రిళ్లు తీగలతో, బ్యాటరీలతో ప్రయోగాలు చేసుకునేవాడు.

జార్జ్‌కి ఆయన ఎలా నేర్పాడన్నది నాకు ఫోన్ కథ కన్నా గొప్పగా అనిపించింది. వినే పిల్లలు బడికి వెళ్లకముందే భాష నేర్చేసుకుంటారు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, ఒకే మాట వెయ్యిసార్లు చెవిన పడుతుంది, అంతే. చెవి లేనప్పుడు అదే మాట వెయ్యిసార్లు కంట పడాలి కదా అనుకున్నాడు బెల్. బొమ్మల మీద, వస్తువుల మీద వాటి పేర్లు రాసి అంటించాడు. కార్డుల మీద అవే పేర్లు రాసి ఆటలా ఆడించాడు. తర్వాత ఒక గ్లవ్ తీసుకుని వేళ్ల మీద, అరచేతి మీద అక్షరాలు రాసి జార్జ్ చేతికి తొడిగాడు. ఏ అక్షరం కావాలో అక్కడ వేలితో తాకితే మాట అయిపోతుంది. ఒకరకంగా చేతికి తొడుక్కునే కీబోర్డ్ అన్నమాట. ముందు భాష రావాలి, అది గొంతులోంచే రానక్కర్లేదు అని ఆ గ్లవ్ చెప్తోంది.

కొడుకు నేర్చుకోవడం చూసిన తండ్రి బెల్ ప్రయోగాలకి డబ్బు పెట్టాడు. మన భాషలో చెప్పాలంటే టెలిఫోన్‌కి సీడ్ ఫండింగ్ ఒక చెవిటి పిల్లాడి వల్ల వచ్చింది. డబ్బు పెట్టిన రెండో మనిషి, లాయర్ గార్డినర్ హబ్బర్డ్ కూతురు మేబెల్ కూడా చెవిటిదే, బెల్ శిష్యురాలే. అసలు ఐడియాలో కొంత కూడా అక్కణ్ణుంచే వచ్చింది. శబ్దం ఆకారం పిల్లలకి కంటితో చూపిద్దామని 1874లో చనిపోయిన మనిషి చెవితో ఒక పరికరం చేశాడు. పల్చటి కర్ణభేరి అంత బరువైన ఎముకల్ని కదిలించడం చూసి, ఒక పొర గొంతుని కరెంట్‌గా మార్చగలదని తోచింది. 1876 మార్చి 7న పేటెంట్ వచ్చింది. అప్పటికి ఆయనకి 29 నిండి నాలుగు రోజులు. మరుసటి ఏడాది మేబెల్‌ని పెళ్లి చేసుకుని, కంపెనీలో తన షేర్లలో పది ఉంచుకుని మిగతావన్నీ ఆమెకి ఇచ్చేశాడు. ఫోన్‌లో భర్త గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. కానీ 1880లో ఇటలీలోని మిలాన్‌లో చెవిటివాళ్ల చదువు గురించి ఒక మహాసభ జరిగింది. స్కూళ్లలో సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని అక్కడ తీర్మానం చేశారు. అమెరికాలో ఆ వాదానికి పెద్ద గొంతు బెల్‌ది. 1883లో ఒక పరిశోధన పత్రం చదివాడు. చెవిటివాళ్లు చెవిటివాళ్లనే పెళ్లి చేసుకుంటూ పోతే మనుషుల్లో ఒక చెవిటి జాతి తయారవుతుందని అందులో భయపడ్డాడు. అలా జరక్కుండా వాళ్ల కోసం వేరే హాస్టల్ స్కూళ్లు, సైగలు, చెవిటి టీచర్లు తగ్గాలన్నాడు. తల్లి చెవిటిది, భార్య చెవిటిది, తనకి సైగలు బాగా వచ్చు. అయినా అలా అన్నాడు. తర్వాత చాలా స్కూళ్లలో చెవిటి టీచర్ల ఉద్యోగాలు పోయాయి, చేతులు కదిపిన పిల్లలకి శిక్షలు పడ్డాయి.

ఎందుకిలా? నాకు తోచింది చెప్తాను. మేబెల్‌కి వినికిడి పోయింది ఐదేళ్లప్పుడు, స్కార్లెట్ ఫీవర్‌తో. అప్పటికే ఆమెకి మాటలు వచ్చు. పెదవులు చదివి ఎవరితోనైనా చక్కగా మాట్లాడేది. బెల్ అందరినీ ఆమెతో కొలిచాడేమో. జార్జ్‌లా పుట్టినప్పటి నుంచీ వినని పిల్లలకి ఆ ఐదేళ్ల భాండాగారం ఉండదు. ఆయనకి ఎదురు నిలబడి వాదించిన ఎడ్వర్డ్ గాలొడెట్ తల్లి కూడా చెవిటిదే. ఆయన మాత్రం మాట నేర్పండి, సైగలూ ఉండనివ్వండి అన్నాడు.

హెలెన్ కెల్లర్ తండ్రికి దారి చూపించింది కూడా బెల్ మాస్టారే. ఆయన చెప్పిన స్కూల్ నుంచే టీచర్ ఆన్ సలివన్ 1887లో ఆ ఇంటికి వచ్చింది. హెలెన్ తన ఆత్మకథని ఆయనకే అంకితమిచ్చింది. 1922 ఆగస్టు 2న బెల్ పోయాడు. అంత్యక్రియలప్పుడు ఉత్తర అమెరికాలో ఫోన్లన్నీ ఒక నిమిషం మూగబోయాయి.

చేతులకి న్యాయం జరగడానికి ఇంకా చాలాకాలం పట్టింది. సైగల భాషకి కూడా సొంత వ్యాకరణం ఉందని 1960లో విలియం స్టోకీ చూపించాడు. మిలాన్ తీర్మానాల వల్ల జరిగిన నష్టానికి 2010లో వాంకూవర్ మహాసభ విచారం చెప్పింది.

ఇదంతా నేనెందుకు చదివానంటే, చేతులతో మాట్లాడితే బాబుకి నోటి మాట రాదని అక్కకి ఎవరో గట్టిగా చెప్పారు. అప్పటినుంచి వాడు చెయ్యి చూపించి ఏదైనా అడిగితే, తిరిగి చెయ్యి ఊపడానికి కూడా అక్క భయపడేది. ఆ సలహా వయసు దాదాపు నూట నలభై ఏళ్లని నేను చెప్పాను. మిషన్ పెట్టించుకోవద్దని కాదు, థెరపీ మానేయమని కాదు. అవి పనిచేసేదాకా వాడు భాష లేకుండా ఉండకూడదు కదా అన్నాను.

పోయిన వారం వాళ్లింటికి వెళ్తే ఫ్రిజ్ మీద, తలుపు మీద, కుర్చీ మీద అక్క రాసిన తెలుగు కాగితాలు అంటించి ఉన్నాయి. బాబు బంతి తెచ్చి నా ఒళ్లో పెట్టి, దాని మీద కాగితాన్ని వేలితో తట్టాడు. తర్వాత రెండు చేతులూ గుండ్రంగా చేసి చూపించాడు. అక్క కూడా అలాగే చేసి, బంతి అని పైకి అంది.