బున్సెన్ మహాశయుడు

పాఠశాలలో రసాయనశాస్త్రము చదివిన ప్రతి బాలునకును బున్సెన్ బర్నరు పరిచితమే. అది యొక మనుష్యుని పేరని తలచువారు మాత్రము కొలదిమంది. ఆయన తండ్రి గ్రంథాలయాధికారి. పుస్తకముల నీడలో పెరిగిన యా బాలుని చరిత్రము మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వ్రాయుట అసందర్భము కాదని నా తలంపు.

రాబర్ట్ విల్‌హెల్మ్ బున్సెన్ 1811 మార్చి నెలాఖరున, నేటి జర్మనీ దేశములోని గోటింగెన్ పట్టణమున జన్మించెను. నలుగురు కుమారులలో కడపటివాడు. తండ్రి అచటి విశ్వవిద్యాలయమున భాషాచార్యుడుగా కూడ నుండెను. బున్సెన్ ఇరువది యేండ్ల ప్రాయము నాటికే డాక్టరు పట్టమును పొంది, తరువాత జర్మనీ, ఫ్రాన్సు, ఆస్ట్రియా దేశములు తిరిగి కర్మాగారములను, ప్రయోగశాలలను చూచి వచ్చెను. కొలిమి యెట్లు మండుచున్నదో కన్నులార చూచుట ఆయనకు చిన్ననాటనే అలవడినది.

ఆయన తొలి పరిశోధనలు విషముతో చెలగాటములే. 1834లో పాషాణ విషమునకు ఒక యినుప సమ్మేళనము విరుగుడగునని మరియొకరితో కలిసి కనుగొనెను. పిదప ఆ పాషాణముతోనే కూడిన కాకోడిల్ అను దుర్గంధ పదార్థములను పరిశీలించుచుండగా పాత్ర ప్రేలి, గాజుముక్క తగిలి కుడికంటి చూపు పోయినది. విషము శరీరమున కెక్కి ప్రాణాపాయ స్థితి కూడ కలిగెను. కోలుకొని మరల ఆ పనినే ముగించెను. ఇది సాహసమా, మొండితనమా యని పాఠకులే నిర్ణయింతురు గాక.

ఇనుము కరగించు పెద్ద కొలుముల నుండి పైకి పోవు వాయువులను ఆయన కొలిచి చూచెను. 1845లో ఇంగ్లండు కొలుములపై ప్లేఫెయిర్ అను శాస్త్రజ్ఞునితో కలిసి ప్రకటించిన లెక్కను బట్టి, ఇంధనము నందలి వేడిమిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా ఉపయోగపడకయే గాలిలో కలియుచుండెను. కొలుముల యజమానులకు తమ ధనము పొగయై పోవుచున్నదని తెలిసినది అప్పుడే. మండుట వేరు, పూర్తిగా మండుట వేరు.

1852లో ఆయన హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆయన కొఱకు కట్టిన క్రొత్త ప్రయోగశాల 1855లో సిద్ధమైనది. అప్పటికి ఆ పట్టణమున వీధిదీపముల నిమిత్తము బొగ్గు గ్యాసు వచ్చినందున, ప్రయోగశాలలోను ప్రతి బల్లకును గ్యాసు గొట్టములు పెట్టించెను. కాని దీపమునకు పనికివచ్చు మంట పాత్రలను కాచుటకు పనికిరాదు. దీపమునకు వెలుగు కావలెను. ఆ వెలుగు మంటలో కాలక మిగిలిన బొగ్గురేణువులు ఎఱ్ఱబారుట వలన కలుగును. ఆ రేణువులే పాత్ర అడుగున మసియై పేరుకొనును. గ్యాసును తీగవల మీదుగా పంపి గాలితో కలిపి మండించు బర్నరొకటి లండనులో వాడుకలో నుండెను. దాని మంట చల్లనిది, నిలుకడలేనిది యని బున్సెన్ దానిని మెచ్చలేదు.

మంటకు వెలుపల కాక లోపలనే, అనగా వెలిగించుటకు ముందే, గ్యాసును గాలితో కలుపవలెనన్నది ఆయన యూహ. నిలువు గొట్టము అడుగున సన్నని రంధ్రము నుండి గ్యాసు వేగముగా చిమ్మును. ఆ వేగము ప్రక్క రంధ్రముల గుండ గాలిని తనతో లాగికొనును. రెండును గొట్టము పొడవున కలిసికొని పైకొనయందు నీలి రంగుతో, మసి లేక మండును. తిత్తి లేదు, ఊదువారు లేరు. గ్యాసు వేగమే పని చేయును.

చెప్పుటకు సులభమే కాని కొలతలలోనే కష్టమున్నది. మిశ్రమము గొట్టములో పైకి పోవు వేగము, మంట అందులోనికి ప్రాకు వేగము కంటె తక్కువైనచో మంట గొట్టములోనికి దిగి అడుగుననే మండును. మరీ ఎక్కువైనచో కొనను వీడి పైకెగసి ఆరిపోవును. ఈ కొలతలను కుదిర్చి బర్నరును చేతులతో తయారు చేసినవాడు విశ్వవిద్యాలయపు యంత్రకారుడైన పీటర్ డెసాగా. ఫెరడే మహాశయుడు ఇట్టిదే యొకటి అంతకుముందే చూపియుండెను. కావున ఈ బర్నరు బున్సెన్ ఒక్కని సొత్తు కాదు. ఆయనయు అట్లు చెప్పుకొన్నవాడు కాడు. 1857లో రాస్కో అను శిష్యునితో కలిసి దాని వివరములను ప్రకటించెనే కాని పేటెంటు తీసికొనలేదు. డెసాగా వానిని చేసి అమ్ముకొనెను. బున్సెన్ దాని నుండి ధనము నాశింపలేదు.

మన యిండ్లలోని గ్యాసు పొయ్యియు ఈ సూత్రము మీదనే పని చేయుచున్నది. సిలిండరు గ్యాసులో ముఖ్యములైన ప్రొపేను, బ్యూటేనులు పూర్తిగా మండుటకు ఒక పాలునకు వరుసగా 24, 31 పాళ్ల గాలి కావలెను. అందు కొంత గొట్టములో ముందే కలియును. మిగిలినది మంట చుట్టునుండి చేరును. మంట కొనలు పసుపు రంగుకు తిరిగి గిన్నె మసి పట్టినచో గాలి చాలలేదని గ్రహింపవలెను. గిన్నె మరీ క్రిందికి దిగినను మంట చల్లబడి గ్యాసు సగము కాలి పోవును. అప్పుడు పుట్టు విషవాయువునకు రంగు, వాసన లేవు. కొందరు గ్యాసు రంధ్రమును సూదితో పొడిచి శుభ్రము చేయుదురు. రంధ్రము వెంట్రుకవాసి పెరిగినను గ్యాసు పాలు మాఱి పై లెక్క యంతయు తప్పును. గోబరు గ్యాసులో వేడిమి తక్కువ గనుక దాని పొయ్యికి రంధ్రము పెద్దదిగా నుండవలెను. సిలిండరు పొయ్యిని అట్లే దానికి తగిలించి, మంట రాలేదని గ్యాసును నిందించుట న్యాయము కాదు.

ఆ రంగులేని మంట వలన బున్సెన్‌కు మరియొక లాభము కలిగినది. అందులో ఏ లవణమును పెట్టినను దాని రంగే కనబడును, మంట రంగు అడ్డురాదు. మిత్రుడు కిర్కాఫ్ ఆ కాంతిని పట్టకము గుండ చూడుమనెను. 1859 నుండి ఇరువురును వర్ణపటదర్శినితో పని చేసి, ఒక్కొక్క మూలకమునకు తనవైన రేఖలు కలవని నిరూపించిరి. డ్యూర్క్‌హైం ఊటనీటిలో క్రొత్త నీలిరేఖలు కనబడగా, నలుబది టన్నులకు పైగా నీటిని మరిగించి కొన్ని గ్రాముల లవణమును తీసిరి. అది 1860లో కనుగొన్న సీసియం. మరుసటి యేడు ఎఱ్ఱని రేఖలను బట్టి రుబీడియం బయటపడినది.

ఈ సాధనము మన తెలుగునేలకును వచ్చినది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము సంభవింపగా, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరున వర్ణపటదర్శినితో సూర్యుని అంచున లేచు జ్వాలలను చూచి, అవి వెలుగుచున్న వాయురాశులని తెలిపెను. ఆ యేడు ఆ జ్వాలలలో గుర్తించిన పసుపు రేఖయే తరువాత హీలియం అను మూలకముదిగా తేలెను. గుంటూరున ఆనాడు గ్రహణస్నానములు చేసినవారిలో ఎందఱు ఆ విదేశీయుని గమనించిరో!

బున్సెన్ వివాహమాడలేదు. 1889 వరకు హైడెల్‌బర్గులోనే బోధించి, విశ్రాంతి తీసికొన్న పిదప చిన్ననాటి నుండి ప్రీతియైన భూగర్భశాస్త్రముతో ప్రొద్దుపుచ్చెను. 1899 ఆగస్టు 16న ఆ పట్టణముననే కన్నుమూసెను. ఆయన సమాధి అచటి కొండవాలు శ్మశానవాటికలో నున్నది.